దూడను అమ్మేశాక ఆవు అరిస్తే అది బాధా, ఒట్టి హార్మోనా?

తమ్ముడూ, అసలు జవాబు ముందే చెప్పేస్తాను. ఆవుకు బాధగా ఉందని మీ అమ్మగారు అన్నది నిజం, కాకపోతే ఆమె చూపిస్తున్న ఆవు కన్నీళ్లు దానికి సాక్ష్యం కాదు. హార్మోన్లు పనిచేస్తున్నాయని నువ్వన్నదీ నిజమే, కానీ అందువల్ల బాధ లేదనడం కుదరదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం నువ్వు అడిగింది క్లుప్తంగా రాస్తున్నా. చంద్రగిరి దగ్గర మీ పల్లెలో జెర్సీ క్రాస్ ఆవు ఈనింది. పుట్టింది కోడెదూడ, ఐదో రోజు అమ్మేశారు. అప్పటి నుంచి ఆవు దారి వైపు చూసి అరుస్తోంది, పాలు సరిగా చేపడం లేదు, దాణా సగం వదిలేస్తోంది, కంటి కింద తడి చార కనబడుతోంది. అది చూసి అమ్మగారు కూడా సరిగా తినడం లేదు. నువ్వేమో ఇదంతా హార్మోన్లు చేయించే పని, జంతువుకు మనసు అంటగట్టడం మన భ్రమ అని ఇంట్లో వాదిస్తున్నావు. చివర్లో మీ కుక్క సంగతి కూడా అడిగావు, చెప్పు కొరికిన రోజు తప్పు చేసినట్టు తల దించుకుంటుంది కదా, మరి దానికి తప్పు తెలుసా అని.

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుని, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పశువుల డాక్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. పలమనేరు, పుంగనూరు, చంద్రగిరి వైపు పల్లెల్లో పశువుల కొట్టాల్లోనే నా సర్వీసు చాలావరకు గడిచింది. నువ్వు అడిగిన విషయం నాకు చాలా ఇష్టమైనది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

సైన్స్ కంటే ముందు ఆవు ఆరోగ్యం. ఈనిన కొత్తలో ఆవు మేత తగ్గించిందంటే దిగులే అని తేల్చుకుని ఊరుకోవద్దు. మాయ పూర్తిగా పడకపోయినా, గర్భసంచిలో చీము పట్టినా, పొదుగువాపు మొదలైనా మేత తగ్గుతుంది. కాల్షియం పడిపోతే వచ్చే పాలజ్వరం ఎక్కువగా ఈనిన 3 రోజుల్లోపే వస్తుంది, చెవులు చల్లబడతాయి, ఆవు తూలుతుంది, తర్వాత మెడ పక్కకు తిప్పుకుని పడుకుండిపోతుంది. కీటోసిస్ అయితే ముందు దాణా వదిలేసి ఒట్టి గడ్డి మాత్రం తింటుంది, ఒంట్లో కొవ్వు కరిగి ఆవు చిక్కిపోతుంది. మీ ఆవు దాణా సగం వదిలేస్తోందని రాశావు కాబట్టి నాకు ముందు ఈ అనుమానమే వచ్చింది. దూడ కోసం అరిచే ఆవు మధ్యమధ్యలో మేస్తుంది, పడుకున్నప్పుడు నెమరు వేస్తుంది. నెమరే ఆగిపోయిందంటే దిగులని సరిపెట్టుకోకూడదు, అది జబ్బు. పశువుకు మనసుందని గట్టిగా నమ్మే మంచివాళ్ల ఇళ్లల్లోనే, 'పాపం దూడ కోసం బెంగపెట్టుకుంది' అని రెండు రోజులు ఆగి, ఆవును చేజార్చుకున్నవాళ్లను నేను చూశాను. ప్రేమ ఉండి కూడా ఇలా జరుగుతుంది, అందుకే ముందు ఇదే చెప్పాను.

ఇప్పుడు కన్నీళ్లు. ఆవు కంటి వెంట నీరు కారడానికి మామూలు కారణాలు ఈగలు, దుమ్ము, కంటి పురుగులు, కంటి జబ్బులు, కన్నీటి నాళం మూసుకుపోవడం. దుఃఖం వల్ల కన్నీరు కార్చడం ఇంతవరకు మనుషుల్లో తప్ప వేరే జంతువులో రుజువు కాలేదు. కుక్కల మీద 2022లో జపాన్‌లో ఒక పరిశోధన వచ్చింది, చాలా గంటల తర్వాత యజమాని ఇంటికి వస్తే వాటి కళ్లలో తడి పెరుగుతుందని కొలిచి చూపించారు. అది కూడా కంట్లో పెరిగే తడే, చెంప మీదికి జారే కన్నీరు కాదు. కాబట్టి అమ్మగారికి ఆ చార గురించి నెమ్మదిగా చెప్పు, కంట్లో పుసి గానీ తెల్లమచ్చ గానీ ఉందేమో చూడు.

అసలు సాక్ష్యం అరుపులో ఉంది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు ఆవులూ దూడల అరుపులను నెలల తరబడి రికార్డు చేసి 2015లో ప్రచురించారు. దూడ పక్కనే ఉన్నప్పుడు ఆవు నోరు పెద్దగా తెరవకుండా, గొంతులోనే సన్నగా పలికే అరుపు ఒకటి ఉంటుంది. కొట్టంలో పెరిగినవాళ్లకు అది బాగా తెలుసు, దూడను నాకుతూ చేసే చప్పుడు. దూడ కనబడకుండా పోయినప్పుడు చేసే అరుపు వేరు, గట్టిగా, పై స్థాయిలో, దూరం వినబడేలా ఉంటుంది. ఏ ఆవు గొంతు దానిదే, రికార్డు చూసి ఇది ఫలానా ఆవని చెప్పేంత తేడా ఉంటుంది. మీ ఆవు పగలంతా దారి వైపు తిరిగి చేస్తున్నది ఈ రెండో అరుపు. ఇంకో సంగతి, తల్లీబిడ్డలను ఎంత ఆలస్యంగా విడదీస్తే అరుపులు అంత ఎక్కువని కెనడాలో జరిగిన పరిశోధనల్లో తేలింది. పుట్టిన కొన్ని గంటల్లోనే దూడను తీసేసిన ఆవుల కంటే 4 రోజులు కలిసున్నాక విడదీసిన ఆవులు చాలా ఎక్కువగా అరిచాయి. నీ మాట ప్రకారం అంతా ఈనడంతో వచ్చిన హార్మోన్ల పనే అయితే రోజులు గడిచేకొద్దీ అరుపు తగ్గాలి కదా. పెరుగుతోందంటే ఆ నాలుగు రోజుల్లో ఆ ఒక్క దూడతో ముడి బిగుసుకుంటోందని అర్థం.

ఇక హార్మోన్ వాదన. ఆవు దూడను నాకేటప్పుడు, అది చన్ను కుడిచేటప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, పాలు చేపడానికి, అంటే పొదుగులో పాలు కిందికి దిగడానికి, కారణం అదే. మీ అమ్మగారు నిన్ను కని పాలిచ్చినప్పుడు పనిచేసింది కూడా అదే ఆక్సిటోసిన్, అణువులో ఒక్క తేడా లేదు. మరి ఆమె ప్రేమ హార్మోనే కాబట్టి ప్రేమ కాదంటావా? భావం ఎలా పుడుతుందో చెప్పినంత మాత్రాన భావం లేదని చెప్పినట్టు కాదు. మన తలనొప్పికి కూడా రసాయనాలూ నరాలూ ఉన్నాయి, నొప్పి మాత్రం నొప్పే.

ఈ విషయంలో నన్ను బాగా కదిలించింది జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త పని. ఆయన జీవితమంతా జంతువుల మెదడులో భావాలు ఎక్కడ పుడతాయో వెతికాడు. తల్లి నుంచి విడదీసిన కుక్కపిల్లలకూ కోడిపిల్లలకూ అతి కొద్ది మోతాదులో మార్ఫిన్ రకం మందు ఇస్తే, మత్తుగా పడిపోకుండానే, వాటి ఏడుపు తగ్గిపోయేది. మార్ఫిన్ మనకు ఒంటినొప్పికి ఇచ్చే మందు. ఎడబాటు బాధ మెదడులో నొప్పి దారులనే వాడుకుంటోందనడానికి ఇది గట్టి ఆధారం. ఆ తర్వాత ఆయనే ఎలుకలకు చక్కిలిగింతలు పెట్టాడు. మన చెవికి అందని 50 కిలోహెర్ట్జ్ దగ్గర అవి కిచకిచలాడాయి, చెయ్యి తీసేస్తే మళ్లీ చెయ్యి కోసం వెంటపడ్డాయి. భయపడినప్పుడు, బాధపడినప్పుడు వాటి అరుపు 22 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మొదట్లో ఈ ఫలితాలను తోటి శాస్త్రవేత్తలే చాలామంది ఒప్పుకోలేదు.

అయినా నువ్వు అడగొచ్చు, అరుపూ రసాయనమూ బయటికి కనబడేవే, లోపల దానికి ఎలా ఉందో తెలిసేదెలా అని. మంచి ప్రశ్న. దీనికి ఒక తెలివైన పద్ధతి కనిపెట్టారు. దిగులుగా ఉన్న మనిషి అటూ ఇటూ కాని విషయాన్ని చెడుగానే ఊహించుకుంటాడు కదా, జంతువూ అలాగే చేస్తుందేమో చూద్దామని 2004లో బ్రిస్టల్‌లో ఎలుకలతో మొదలుపెట్టారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో దూడలతో చేసింది ఇంకా బాగుంటుంది. తెర మీద ఎరుపు, తెలుపు రంగుల్లో ఒకటి కనబడితే దగ్గరికి వెళ్లి ముక్కు పెట్టాలి, పాలు దొరుకుతాయి. రెండోది కనబడినప్పుడు వెళ్తే పాలు ఉండవు, పైగా శిక్షగా కాసేపు ఆగాలి. దూడలు ఇది చక్కగా నేర్చుకున్నాయి (దూడకు బుర్ర ఉండదనేవాళ్లు ఇక్కడే ఆగి ఆలోచించాలి). తర్వాత ఈ రెండు రంగులకూ మధ్యలో ఉండే గులాబీ ఛాయలు చూపించారు. మామూలు రోజున దూడలు, పాలుంటాయేమో అని చాలాసార్లు ముందుకు వెళ్లాయి. కొమ్ముల మొగ్గలు కాల్చిన తర్వాతి రోజు అదే ఛాయ దగ్గర ఎక్కువసార్లు ఆగిపోయాయి. తల్లి నుంచి విడదీశాక కూడా సరిగ్గా అలాగే ఆగిపోయాయి. కాలిన నొప్పీ తల్లి ఎడబాటూ రెండూ దూడ ఆశను ఒకేలా తగ్గించాయన్నమాట. ఇందులో అరుపు లేదు, కన్నీళ్లు లేవు, మనం జాలితో ఊహించుకోవడానికి చోటు లేదు. నీ వాదనకు నా అసలు జవాబు ఈ ప్రయోగం.

కొమ్ముల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, మన జిల్లాలో ఇప్పటికీ చాలాచోట్ల మత్తు సూది లేకుండానే దూడలకు కొమ్ములు కాలుస్తున్నారు. ఆ సూదిలో వాడే లిగ్నోకెయిన్ ఖరీదైన మందేమీ కాదు. డాక్టర్‌ను అడగండి, అడిగి వేయించండి. కాల్చిన తర్వాత నొప్పి తగ్గే ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి, ఎందుకంటే మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది, నొప్పి మాత్రం తర్వాతి రోజు కూడా ఉంటుంది.

సంతోషం సంగతీ ఉంది. 2004లో కేంబ్రిడ్జ్‌లో పడ్డలకు (ఇంకా ఈనని ఆవులకు) ఒక పలకను నొక్కితే గేటు తెరుచుకునే ఏర్పాటు చేశారు, గేటు దాటి పోతే మేత. కొన్నిటికి గేటు అవి నొక్కినా నొక్కకపోయినా తెరుచుకునేది. తమ పని వల్లే గేటు తెరుచుకుంటోందని గ్రహించిన పడ్డల గుండె వేగం ఆ సమయంలో పెరిగింది, గెంతుతూ పరుగెత్తాయి. మేత రెండు గుంపులకూ దొరికింది, గెంతులు మాత్రం నేర్చుకున్నవాటికే.

ఇంత చెప్పాను కదా అని ప్రతి కదలికకూ మన మనసును అంటించకూడదు. మీ కుక్క ఉదాహరణ సరిగ్గా ఇక్కడికే వస్తుంది. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆమె ఒక ప్రయోగం చేసింది. యజమాని కుక్కకు బిస్కెట్ ముట్టవద్దని చెప్పి గదిలోంచి బయటికి వెళ్లాలి. అతను లేనప్పుడు కొన్నిసార్లు కుక్క తినేది, కొన్నిసార్లు బిస్కెట్‌ను పరిశోధకులే తీసేసేవాళ్లు. తిరిగొచ్చిన యజమానికి కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు అబద్ధం చెప్పారు. తల దించడం, చెవులు వెనక్కి వేయడం, కళ్లు తిప్పేసుకోవడం, ఇవన్నీ కుక్క తప్పు చేసినప్పుడు కాదు, యజమాని తిట్టినప్పుడు ఎక్కువగా కనబడ్డాయి. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో ఇంకా ఎక్కువగా. అంటే మీ కుక్క తల దించుకోవడం పశ్చాత్తాపం కాదు, నీ గొంతూ నీ నిలబడే తీరూ చూసి పుట్టిన భయం. భావం ఉంది, కానీ అది నువ్వనుకున్న భావం కాదు. దీన్ని పశ్చాత్తాపమని నమ్మితే ఏమవుతుందంటే, 'తప్పని తెలిసీ చేసింది' అని ఇంకో దెబ్బ వేస్తాం.

గుర్రం కథ పాతదే అయినా చెప్పాలి. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని, జవాబెంతో అన్నిసార్లు డెక్కతో నేల తడుతుందని జనం ఎగబడి చూసేవారు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ తేల్చిందేమిటంటే, ప్రశ్న అడిగినవాడికే జవాబు తెలియనప్పుడు గానీ, అతను గుర్రానికి కనబడనప్పుడు గానీ హాన్స్ జవాబు చెప్పలేకపోయేది. సరైన అంకె రాగానే మనిషి తలలో, భుజాల్లో వచ్చే చిన్న కదలికను పసిగట్టి ఆపేసేది, ఆ కదలిక తనలో ఉందని ఆ మనిషికే తెలియదు. దాన్ని మోసమని చెప్పుకుంటారు గానీ, నన్నడిగితే మనిషిని అంత సూక్ష్మంగా చదవగలగడం కూడికల కంటే పెద్ద తెలివి. వీధికుక్కలు చెయ్యి చూపిస్తే అర్థం చేసుకుని అటు వెళ్తాయని కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్స్ పరిశోధన సంస్థలో అనిందిత భద్ర బృందం చూపించింది, వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. కర్ణాటకలోని బందీపూర్ అడవిలో మన తిరుమల కోతుల జాతివే మనిషి ముఖం వైపు చూస్తూ చెయ్యి చాపి, కూత పెట్టి తిండి అడుగుతాయని 2018లో రాశారు. అలిపిరి మెట్ల దారిలో నడిచేవాళ్లు ఈసారి గమనించండి, కోతి మీ సంచీ వైపు చూస్తోందా, మీ ముఖం వైపు చూస్తోందా అని. రెండూ వేరువేరు ఆలోచనలు. అలాగని చేతిలో ఉన్నది ఇవ్వకండి, ఆ అలవాటు వల్లే అవి మీద పడి లాక్కుంటున్నాయి.

ఏనుగుల గురించి కూడా అందరూ అడుగుతారు, పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవిలో గుంపులున్నాయి కాబట్టి. కెన్యాలోని అంబోసెలిలో చేసిన పరిశోధన 2006లో వచ్చింది, ఏనుగులు మిగతా జంతువుల పుర్రెల కంటే ఏనుగు పుర్రెనూ దంతాన్నీ చాలా ఎక్కువసేపు తొండంతో తడిమాయి. కానీ తమ గుంపులో చనిపోయిన పెద్ద ఏనుగు పుర్రెను పక్కన పెట్టినా, వేరే ఏనుగుల పుర్రెల కంటే దానివైపు ఎక్కువగా పోలేదు. ఏనుగులు తమవాళ్ల ఎముకలను గుర్తుపట్టి తలుచుకుంటాయని చెప్పేవాళ్లకు ఈ రెండో సగం కూడా తెలియాలి. చనిపోయిన ఏనుగంటే వాటికి లెక్కలేనితనం లేదు, అంతవరకు నిజం. అంతకు మించి చెప్పాలంటే ఇంకా రుజువు కావాలి.

సైన్స్ మొత్తంగా ఎక్కడ నిలబడిందంటే, 2012 జులైలో కేంబ్రిడ్జ్‌లో కొందరు మెదడు శాస్త్రవేత్తలు ఒక ప్రకటన చేశారు, స్పృహకు కావలసిన మెదడు ఏర్పాటు మనిషికి మాత్రమే ఉన్నది కాదు, పాలిచ్చే జంతువులన్నిటికీ, పక్షులకూ, ఆక్టోపస్ లాంటి వాటికీ ఉందని. 2024లో న్యూయార్క్‌లో వచ్చిన ప్రకటన, పాలిచ్చే జంతువులు, పక్షుల విషయంలో ఆధారాలు గట్టిగా ఉన్నాయని, చేపలు, పాములు, కప్పల నుంచి పీతలు, పురుగుల దాకా ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేమని చెప్పింది. ఆవు గురించి అయితే, దానికి అనుభూతి ఉందా అన్న ప్రశ్న దగ్గరే ఇంకా ఆగాల్సిన పని లేదు. దానికి ఇప్పుడు ఎలా ఉంది, మనం ఏం చేస్తే మారుతుంది, చూడాల్సింది ఇదే.

అది చూడటం నేర్చుకోవచ్చు. మెడ కింద, గంగడోలు దగ్గర నెమ్మదిగా రాస్తే, ఆవులు ఒకదాన్నొకటి నాక్కునే చోటు అదే కాబట్టి, గుండె వేగం తగ్గుతుంది, చెవులు వదులుగా వాలతాయి. కళ్లలో తెల్లగుడ్డు ఎక్కువ కనబడుతోందంటే ఉద్రేకంగా ఉంది, భయమో కోపమో ఆరాటమో మిగతా ఒళ్లు చూసి చెప్పాలి. కనుమప్పుడు రంగంపేటలో కొమ్ములకు పలకలు కట్టి జనం మధ్య వదిలిన ఎద్దు కళ్లు ఒక్కసారి దగ్గరగా చూడండి. అందరూ దాన్ని పౌరుషమంటారు. తెల్లగుడ్డు తేలి, తోక ఒంటికి అదిమి, సందు కోసం వెతుకుతూ పరుగెత్తే ఎద్దులో డాక్టర్‌గా నాకు కనబడేది భయం. పండుగ మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఈ మాట నచ్చదు, తెలుసు, అయినా చెప్పాలి.

మీ ఆవు పాలు ఎగబట్టడం కూడా ఇదే. ఆవు బెదిరితే ఆక్సిటోసిన్ సరిగా విడుదల కాదు, పైగా అడ్రినలిన్ దాని పనిని అడ్డుకుంటుంది, పాలు పొదుగులోనే ఉండిపోతాయి. 1941లోనే దీన్ని చూపించారు. తమను కొట్టిన మనిషి పక్కన నిలబడితే చాలు, పొదుగులో మిగిలిపోయే పాలు పెరిగాయని తర్వాత ఇంకో పరిశోధనలో తేలింది. ఆవులు మనుషులను గుర్తుపడతాయి. న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్లు 2009లో 516 మంది రైతులను అడిగితే, ఆవులను పేరు పెట్టి పిలిచే చోట ఈతకు 258 లీటర్లు ఎక్కువ పాలొచ్చాయని తేలింది. పేరు పెడితేనే పాలు పెరుగుతాయని దీని అర్థం కాదు, పేరు పెట్టేవాళ్లు ఆవును వేరే విధంగా చూసుకుంటారు కాబట్టి అయ్యుండొచ్చు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఈ వారం రోజులూ ఒకే మనిషి, ఆవుకు అలవాటైన మనిషి, అంటే మీ అమ్మగారే అనుకుంటా, ఒకే వేళకు పాలు పిండాలి. పొదుగు కడిగి ఒక నిమిషం చేత్తో నెమ్మదిగా తడిమి వెంటనే మొదలుపెట్టి ఆపకుండా పిండాలి, ఎందుకంటే ఆక్సిటోసిన్ రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది. పాలు చేపే ఇంజెక్షన్ అంగట్లో ఇస్తారని తెచ్చి మీరే పొడవకండి, అది డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందు, రోజూ వేస్తే ఆవు దానికే అలవాటు పడుతుంది. ఆవును ఒంటరిగా కట్టేయకుండా తెలిసిన ఇంకో ఆవో పడ్డో పక్కన కనబడేలా కట్టండి. దూడ ఉన్న చోట పేడా గడ్డీ శుభ్రం చేయండి. అరుపులు మామూలుగా కొన్ని రోజుల్లో తగ్గుతాయి. కాళ్లు కట్టి, కర్ర చూపించి మాత్రం పిండొద్దు.

వచ్చే ఈతకు దూడను ఉంచుకుంటారో, ఇచ్చేస్తారో ఆవు ఈనకముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఉంచుకోగలిగితే అన్నిటికంటే మంచిది. ఇచ్చేయక తప్పదనుకుంటే జున్నుపాలు దూడకు కడుపునిండా తాగించడం మాత్రం మానొద్దు, కొన్నవాడికి కూడా పాలు తాగించి పెంచే స్తోమత ఉందో లేదో చూసి ఇవ్వండి, మన సంతల్లో కోడెదూడల గతి నీకు తెలియంది కాదు.

ఈ రాత్రికి మాత్రం ఆవు నెమరు వేస్తోందో లేదో, చెవులు వెచ్చగా ఉన్నాయో లేదో చూసి ఇక్కడ రాయి. నెమరు లేకపోతే నా జవాబు కోసం ఎదురుచూడొద్దు, తెల్లారగానే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయి. చెవులు చల్లగా ఉండి ఆవు లేవలేకపోతుంటే తెల్లారేదాకా కూడా ఆగొద్దు, దగ్గర్లో ఉన్న డాక్టర్‌ను లేపి తీసుకురా.